ఇంకొంచెం నీలం

వెన్జు పడవలకు రంగులేస్తాడు.
నేను ఆయనకు రంగులమ్ముతాను.
మార్సాష్లోక్ రేవులో మా ఇద్దరిదీ పాత బేరం,
అప్పు పుస్తకంలో ఆయనకో పేజీ, ఎప్పుడూ నిండదు, ఎప్పుడూ తీరదు.

ఇక్కడ పడవంటే నాలుగు రంగులూ ఒక జత కళ్ళూ.
అడుగున ఇటుక రంగు, దాని మీద నీలం,
పైన పసుపు పట్టీ, అంచున చిలకపచ్చ.
ముక్కుకు అటూ ఇటూ చెక్కిన కళ్ళు;
అవి సముద్రాన్ని కనిపెట్టుకుని ఉంటాయంటారు.
ఏటా మార్చిలో వాటికి పాపలు దిద్దేది వెన్జునే,
నాలుక కొస పంటి కింద పెట్టుకుని,
ఊపిరి బిగబట్టి.

ఒక మార్చిలో డబ్బా మూత తీసి అన్నాడు:
"ఇది చచ్చిన నీలం. ఇంకొంచెం పొయ్యి."
పోశాను.
మరుసటేడు, "ఇంకొంచెం."
ఆ పైయేడు, "నీ సరుకులో కల్తీ ఉంది పిల్లా."
పిల్లకు అప్పటికి నలభైమూడు.

కల్తీ సరుకులో లేదు.
చిల్లర లెక్కపెట్టుకోవడానికి గుమ్మంలో ఎండలో నిలబడితే
చూశాను: ఆయన కంటిపాప వెనక
కాచి మరిచిపోయిన పాల మీద మీగడ.
చెప్పాల్సింది.
చెప్పలేదు.

నార్దు తన పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి
టోపీ తీసి తల గోక్కుని
"దూరం నుంచి బాగుంటుందిలే" అని కూలి ఇచ్చేశాడు.
మనిషి పోయిన ఇంటి పడవకు నల్ల పట్టీ వెయ్యాలి.
గ్రాట్సియా మొగుడి పడవకు వెన్జు వేసింది నలుపు కాదు,
అర్ధరాత్రి నీలం.
ఆమె చాలాసేపు చూసి
"ఆయనకు నలుపు పడేది కాదులెండి" అంది.

అలా ఏడాదికింత చొప్పున
మా రేవుకు నీలం తలకెక్కింది.
పక్క ఊళ్ళవాళ్ళు నవ్వారు.
చేపలు మాత్రం ఎప్పటిలాగే పడ్డాయి.

మొన్న నవంబర్లో ఆస్పత్రిలో పొర తీశారు.
కట్టు విప్పగానే ఇంటికి పోలేదు, నా కొట్టుకొచ్చాడు.
పలకరించలేదు. చూస్తూ నిలబడ్డాడు,
సంతలో తప్పిపోయిన పిల్లాడిలా కాదు,
సంతంతా తనదేనని తెలిసిన పిల్లాడిలా.

"ఈ గోడ తేనె రంగనుకున్నానే!
బిస్కెట్టు విరిస్తే లోపల ఉండే రంగు."
"నీడలు నల్లగా లేవు, చూడు, తక్కెడ కింద.
వంగపువ్వు."
"రసీదు కాగితం గులాబీ రంగా? ఎప్పటినుంచి?"
మొదటి నుంచీ.
"నీ జుట్టెప్పుడు నెరిసింది?"

తర్వాత రేవుకు నడిచాడు. వెనకే నేను,
కొట్టుకు తాళం వెయ్యడం కూడా మరిచిపోయి.

ముప్పైఒక్క పడవలు
ఒక్కసారిగా కేక వేశాయి.
వాటి ముందు సముద్రం
ఉతికి ఉతికి వెలిసిన పని చొక్కా.
తను దిద్దిన కళ్ళన్నీ తననే చూస్తుంటే
గుండీలు పెట్టుకోకుండా పెళ్ళికెళ్ళిన మనిషిలా
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
"ఇన్నేళ్ళు నన్ను ఇలా తిరగనిచ్చారా" అన్నాడు.

గ్రాట్సియా పడవ దగ్గర ఆగి
ఆ పట్టీ మీద వేలు రాశాడు. ఏమీ అనలేదు.

అన్నిటికీ మళ్ళీ వేస్తానన్నాడు, ఊరికే, కూలి లేకుండా.
నార్దు అడ్డం నిలబడ్డాడు:
"మంచులో వస్తుంటే మా చిన్నాడు ఒడ్డు మీంచే
'అదిగో నాన్న' అని గుర్తుపడతాడు.
చెయ్యి వేశావంటే ఊరుకోను."

ఈ మార్చిలో వెన్జు వచ్చాడు.
మూత తీశాడు, ముక్కు ముడిచాడు,
"సగం చాలు" అని కొలిపించుకుని,
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.
"నార్దు పడవకు మాత్రం పాత లెక్కే."

నాకిప్పుడు యాభైనాలుగు.
ఈమధ్య కొత్త కాగితాలు కూడా పాతబడే వస్తున్నాయి,
పాలు రంగు మారినట్టుంటున్నాయి, వాసన బాగానే ఉంది.
ప్రతి డబ్బా మూతా తీసి
కొట్లో కుర్రాడు జీజూను అడుగుతాను:
"ఇది ఏ నీలంరా? నిజం చెప్పు."

వాడు డబ్బా వైపు చూడడు.
నా మొహం వైపు చూసి,
టోపీ లేని తల గోక్కుని,
"దూరం నుంచి బాగుంటుందమ్మా"
అంటాడు.